ఎక్కడికని అడగని గేటు

గేటు తెరుచుకోలేదు.

"ఒక్క క్షణం ఆగండి పేరిందేవి గారూ. తోడు వస్తున్నారు," అంది.

ఆ గొంతు కూడా నేను ఏరికోరి పెట్టిందే. మొదట్లో ఒక మగగొంతు పెడితే, పోలీసు స్టేషన్‌కి వచ్చినట్టుందని మా టవర్లో ఆడవాళ్లంతా గోల చేశారు. సరేనని వెతికి వెతికి ఈ మెత్తటి గొంతు పట్టుకొచ్చాను. ఇప్పుడు ఆ మెత్తదనం వింటే నాకు ఒళ్లు మండిపోతోంది.

నా చేతిలో కూరల సంచి. అడుగున రెండు చీరలు, బీపీ మాత్రలు, ఫోన్ ఛార్జరు. పైన ఇంకో ఖాళీ సంచి మడతపెట్టి కప్పాను. చూసేవాళ్లకి రైతుబజారుకి పోతున్నట్టే ఉంటుంది.

లిఫ్టు తెరుచుకుంది. మా ఎదురు ఫ్లాటు కనకరత్నం గొడుగు పట్టుకుని వచ్చేసింది. జడ సగమే అల్లుకుంది, ఒక చెవికి దుద్దు లేదు.

"పద వదినా, నేనూ వస్తున్నా. నాకూ కొత్తిమీర కావాలి."

ఎక్కడికని అడగలేదు. మనవాళ్లెవరూ అడగరు. ఇద్దరం బజారుకెళ్లాం. ఇంట్లో ఉన్న కొత్తిమీరే మళ్లీ కొన్నాను. ఆవిడింట్లోనూ ఉందని నాకు తెలుసు. తిరిగొస్తుంటే గేటు మమ్మల్ని దూరం నుంచే చూసి తెరుచుకుంది.

"వచ్చారా, సంతోషం," అంది.

నా బొంద సంతోషం. ఈ గేటుకి బుద్ధులు నేర్పిన మహాతల్లిని నేనే. ఎవరిని తిట్టుకోను?

*

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. కంప్యూటరు ప్రోగ్రామంటే నాకు ఒక్క ముక్క రాదు. ఈ రోజుల్లో రానక్కర్లేదు కూడా. మనకేం కావాలో నోటితో చెబితే రాసిపెట్టే ఏఐలు వచ్చాయి కదా. నేను వాడే దానికి రాతగాడని పేరు పెట్టుకున్నాను. "ఒరే రాతగాడా, ఇలా కావాలిరా," అంటే చాలు, గబగబా రాసి, నడిపి చూపిస్తాడు. తప్పొస్తే తిడతాను. కిక్కురుమనకుండా దిద్దుకుంటాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత మాట వినే మనిషి నాకొక్కడు దొరకలేదు.

అంతా మా ఆయన వల్ల మొదలైంది. ఆయన పేరు జోగారావు. విశాఖ పోర్టులో టగ్ నడిపేవారు. ఎంత పెద్ద ఓడ వచ్చినా తాడేసి రేవులోకి లాక్కొచ్చిన మనిషి. రిటైరయ్యాక ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలుపెట్టారు. ముందు కళ్లజోడు, తర్వాత స్నానం, ఆ తర్వాత మనుషులు.

ఒకరోజు నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి ఆయన లేరు. చెప్పులు లేవు. కిందికి పరుగెత్తి అందర్నీ అడిగాను. వాచ్‌మన్ చూశాడట. ఇస్త్రీ బండి దగ్గరవాళ్లు చూశారట. కనకరత్నమైతే ఎదురుపడి నవ్విందట కూడా.

"మరి ఎక్కడికని అడగలేదా?" అని ఏడ్చాను.

"అయ్యో వదినా, బయల్దేరిన మనిషిని ఎక్కడికని ఎలా అడుగుతాను?" అంది.

ఆవిణ్ణి ఏమనగలను? ఆ స్థానంలో నేనున్నా అడిగేదాన్ని కాదు. అలా అడిగితే వెళ్లే పని చెడుతుందని మా అమ్మ మా నోళ్లు కట్టేసి పెంచింది. సాయంత్రానికి ఆయన ఫిషింగ్ హార్బర్లో దొరికారు. గట్టు చివర కాళ్లు నీళ్లవైపు వేలాడేసుకుని, తన టగ్ కోసం చూస్తూ కూర్చున్నారు. ఇంకొంచెం ముందుకి జరిగి ఉంటే ఏమయ్యేదో.

మర్నాడే రాతగాణ్ణి ముందు కూర్చోబెట్టుకున్నాను.

"గేటు దాటేవాళ్లని ఎక్కడికి వెళ్తున్నారో అడిగితే పని తేలికవుతుందమ్మా," అన్నాడు వాడు.

"నోర్ముయ్. మా ఇంటావంటా లేదు. అది తప్ప ఇంకేదైనా చెప్పు."

"అడగకపోతే వాళ్లు తిరిగొస్తారో లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

"చూసి తెలుసుకో. మా నాన్న చెప్పులు తొడుక్కునే తీరు చూసి మా అమ్మ చెప్పేసేది, గడియలో వస్తాడా, రాత్రికి వస్తాడా అని. ఆవిడ అడిగేదా? చూసేది, అంతే."

"ఏమేం చూడమంటారు?"

"అన్నీ చూడు," అన్నాను.

అలా తయారైన ఏర్పాటుకే తోడు అని పేరు పెట్టాం. మా టవర్లో గేటు, లిఫ్టు, కింద దుకాణానికి ఫోన్లో ఇచ్చే ఆర్డర్లు, అన్నీ దానికి కలిపాం. ఎవరు ఎలా నడుస్తారు, లిఫ్టులో ఎంత బరువు తూగుతారు, బయటికెళ్లేటప్పుడు ఏం చేసి వెళ్తారు, ఎప్పటికి తిరిగొస్తారు, అన్నీ చూసి నేర్చుకుంది. కొన్నాళ్లకి దాని అంచనా తప్పడమే మానేసింది. తిరిగొస్తారని నమ్మకముంటే గేటు తీస్తుంది. లేకపోతే ఎవరో ఒక ఇరుగుపొరుగుని ఫోన్లో పిలిచి తోడు పంపుతుంది. అంతే. ఎవరినీ బంధించకూడదని నేను గట్టిగా చెప్పాను. నేనేం జైలరునా?

"తోడు వచ్చేవాళ్లు టవర్లో ఎవరూ లేకపోతే?" అని అడిగాడు రాతగాడు.

"ఇంత టవర్లో ఒక్క మనిషి దొరకడట్రా? ఎవరూ లేకపోతే తీసెయ్యి," అన్నాను.

ప్రమాదం వస్తే నొక్కడానికి ఎర్ర బటను కూడా పెట్టించాను. అది నొక్కితే గేటు వెంటనే తెరుచుకుంటుంది. కాకపోతే టవరంతా గంట మోగి, నొక్కినవాళ్ల పేరు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది.

ఆ ఏడాది తోడు ముగ్గురు మనుషుల్ని నిలబెట్టింది. కొడుకుతో మాటామాటా పెరిగి, పర్సు కూడా ఇంట్లో పడేసి సముద్రంవైపు బయల్దేరిన మూడో అంతస్తు డ్రిల్లు మాస్టారు గేటు దగ్గర ఆగిపోయారు. ఎవరో వెళ్లి, "రండి మాస్టారూ, టీ తాగుదాం," అన్నారు. ఆయన ఇప్పటికీ నాకు దణ్ణం పెడతారు. అసోసియేషన్ కార్యదర్శి విశ్వపతి గారైతే శాలువా కప్పారు. ఆ శాలువా కప్పిన చేత్తోనే తన ఇంటివాళ్లకి మాత్రం ఈ కట్టడి వద్దని చెవిలో చెప్పారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ వారమే మీటింగులో ఒక నియమం పెట్టించాను. ఎవరికైనా తోడు నుంచి మినహాయింపు కావాలంటే, కారణం చెప్పాలి. ఆ కారణం అందరి ఫోన్లకీ వెళ్తుంది. ముప్పాతిక మంది ఒప్పుకోవాలి. చప్పట్లు మోగిపోయాయి. నేను మరీ గట్టిగా కొట్టాను.

*

ఇంట్లో నా బతుకు వేరే.

మా ఆయనకి ఇప్పుడు నేను భార్యని కాను. ఆపరేటర్ని. పెళ్లికి ముందు ఆయన పోర్టు నుంచి ట్రంక్ కాల్ బుక్ చేసేవారు. కలిపేది నేను. అలా గొంతు వినే మనసుపడ్డారు. అన్నీ పోయిన ఆయన బుర్రలో ఆ గొంతొక్కటే మిగిలింది.

పొద్దున కాఫీ ఇవ్వగానే, "థాంక్సండీ ఆపరేటర్ గారూ," అంటారు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఒకసారి మా ఇంటికి లైను కలపండి. మా ఆవిడతో మాట్లాడాలి," అంటారు.

"లైను బిజీగా ఉంది సార్," అంటాను.

"పర్లేదు, ఉంటాను."

రోజంతా ఉంటారు పాపం. మళ్లీ అడుగుతారు. మళ్లీ బిజీ అంటాను. నేనే మీ ఆవిడనండీ అని మొదట్లో చెప్పి చూశాను. బెదిరిపోయి గోడకి నక్కారు. ఇంట్లో ఎవరో పరాయి ఆడది తన భార్యనంటోందని కనకరత్నానికి చెప్పి ఏడ్చారు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. ఒక మొగుడు తన పెళ్లాం కోసం బెంగపెట్టుకుంటే, ఆ పెళ్లామే ఎదురుగా నిలబడి బిజీ బిజీ అనడం. అది ఎంత నరకమో ఎవరితో చెప్పుకోను?

నాతో పనిచేసిన సువర్చల భీమిలిలో ఉంటుంది. ఒక్కత్తే. ఒకరోజు ఫోన్ చేసి, "మేడమీద గది ఖాళీగా ఉందే పేరీ. కిటికీ తీస్తే సముద్రం. వంట నేను చేస్తా, నువ్వు ఊరికే కూర్చో. వచ్చెయ్," అంది.

ఊరికే కూర్చో అన్న మాటకి నాకు ఏడుపొచ్చేసింది. నన్ను ఆ మాట అని ఎన్నేళ్లయిందో.

వెళ్లాలనుకున్నాను. చుట్టపుచూపుగా కాదు. వెళ్లిపోవాలనుకున్నాను. ఆయన్ని గాలికి వదిలేసి కాదు. పైడితల్లి అని ఒక మంచి మనిషి పగలూ రాత్రీ ఆయన్ని చూసుకుంటానంది. ఆమెకి అన్నీ నేర్పాను. ఆమె చేతిముద్ద ఆయన నా చేతిముద్ద కంటే ఇష్టంగా తింటారు. పేరీ ఇంట్లో లేదని ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నారు. మరి నేనక్కడ ఎందుకు? ఇలా నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. కనకరత్నానికి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ కళ్లలో నేనేమవుతానో నాకు తెలుసు.

ఆ నెలలోనే గేటు నాకు తోడు పంపడం మొదలుపెట్టింది. బజారుకన్నా తోడే, గుడికన్నా తోడే. బట్టలు ఉన్న సంచి పట్టుకున్నా తోడే, ఉత్త చేతులతో దిగినా తోడే. కనకరత్నం కాకపోతే డ్రిల్లు మాస్టారు. మాస్టారు కాకపోతే విశ్వపతి గారి కోడలు. అందరూ నవ్వుతూనే వచ్చేవారు. "ఆవిడ మనకింత చేసింది, ఆవిడకి మనం ఇంత చెయ్యలేమా?" అని నా వెనకాల అనుకోవడం విన్నాను. తిడితే తిట్టొచ్చు. కొడితే కొట్టొచ్చు. ప్రేమగా గొడుగు పట్టే మనిషిని ఏం చేస్తాం?

ఒక మధ్యాహ్నం తలుపేసుకుని రాతగాణ్ణి నిలదీశాను.

"నాకెందుకురా తోడు? నాకేం మతిమరుపొచ్చిందా?"

"లేదమ్మా. మీరు తిరిగి రారని తోడు అనుకుంటోంది."

"ఏం చూసి అనుకుంటోంది?"

"మందుల డబ్బాల మీద అంటించే చీటీలు, జిగురు, లావుగా రాసే పెన్ను దుకాణం నుంచి తెప్పించారు. పైడితల్లి గారి పేరు మీద మీ ఇంటి తాళంచెవి ఇంకొకటి ఆ దుకాణంలోనే చేయించారు. లిఫ్టులో మీ అడుగులు నెమ్మదించాయి. ఇంకా పాలు."

"పాలేంటి?"

"ఒకటో తారీఖు నుంచి రోజుకి రెండు ప్యాకెట్ల బదులు ఒకటే చెప్పారమ్మా."

నేను అదిరిపడ్డాను. ఆ మాట నిజం. కానీ అలా చెప్పినట్టు నాకే తెలియదు. ఫోను మీద వేలు దానంతట అది నొక్కేసింది. అప్పటికి వెళ్లాలా వద్దా అని నాతో నేను పోట్లాడుతూనే ఉన్నాను. గేటు మాత్రం ఎప్పుడో తెలిసి కూర్చుంది.

"మరి నన్నే అడిగి చావొచ్చు కదరా!"

"ఎవరినీ ఎక్కడికని అడగొద్దన్నారమ్మా మీరే."

"అయితే నాకు ఈ తోడు తీసెయ్యి."

"కారణం చెప్పండి. అందరికీ పంపుతాను."

కారణం. నా మొగుడి నోట ఆపరేటర్ గారూ అని వినలేక పారిపోతున్నాను అని నూరు ఫోన్లకి పంపాలి. డ్రిల్లు మాస్టారు చదవాలి. కనకరత్నం చదవాలి. విశ్వపతి గారు కళ్లజోడు పెట్టుకుని మరీ చదవాలి. ఆ తర్వాత వాళ్లంతా ఓటేయాలి. పోనీ ఎర్ర బటను నొక్కుదామంటే, నా పేరే ఇంటింటా మోగుతుంది.

కంప్యూటరు మూత దబ్బున మూసేశాను.

*

ఇంక నాకు మిగిలింది ఒకటే దారి. టవర్లో ఎవరూ లేకపోతే గేటు తీసెయ్యమని నేనే చెప్పాను కదా. పైడితల్లి టవరు మనిషి కాదు, తోడు పిలిచేవాళ్లలో ఆమె పేరు లేదు. ఆ రోజు కోసం కాచుకున్నాను.

విశ్వపతి గారి మనవరాలి ఓణీల ఫంక్షన్ వచ్చింది. బీచ్ రోడ్డులో హాలు. టవరు టవరంతా పట్టుచీరలు కట్టుకుని కదిలింది.

"నువ్వు రావా వదినా?" అంది కనకరత్నం.

"తలనొప్పిగా ఉంది. మీరెళ్లి రండి."

"మా అబ్బాయి కారులో పడుకుందువు గానీ, రా."

"కనకరత్నం, నీకు పుణ్యముంటుంది, వెళ్లు."

వెళ్లారు. కిందికి చూస్తే పార్కింగంతా బోసిగా ఉంది. పైడితల్లికి అన్నీ మళ్లీ ఒకసారి చెప్పాను. ఆమె కళ్లొత్తుకుంది.

"అమ్మా, బాబుకి ఓపాలి సెప్పి ఎళ్లకూడదేటి?"

"ఎవరని చెప్పనే? ఆపరేటర్ డ్యూటీ దిగిపోతోందని చెప్పనా?"

ఆయన బాల్కనీలో కూర్చుని ఉన్నారు. వెనక నుంచి చూశాను. ముందుకెళ్తే కాళ్లు ఆగిపోతాయని భయం. అలాగే లిఫ్టెక్కేశాను.

గేటు ముందు నిలబడ్డాను. దాని మీద దీపం పసుపుగా ఉంది, అంటే ఆగమని. అటువైపు రోడ్డు మీద భీమిలి బస్సులు పోతున్నాయి.

"ఒక్క క్షణం ఆగండి పేరిందేవి గారూ. తోడు వస్తున్నారు."

"ఎవరొస్తారే? టవర్లో పిట్ట కూడా లేదు!" అని అరిచాను.

లిఫ్టు పైకెళ్లింది. నాలుగులో ఆగింది. మా అంతస్తది. మళ్లీ కిందికి దిగింది.

తలుపు తెరుచుకుంటే ఆయన. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నారు. నెత్తిన పోర్టు టోపీ. ఆయన ఒంటరిగా బయల్దేరితే గేటు తియ్యకూడదు. నా పక్కనుంటే తియ్యొచ్చు. తోడులో నేను రాయించిన మొట్టమొదటి నియమమే అది. నాతో కలిసి వెళ్లి, నాతో కలిసి తిరిగొచ్చినవాళ్లలో ఆయన కంటే ఎక్కువసార్లు వచ్చినవాళ్లు ఎవరున్నారు? తోడు లెక్క తోడుది.

ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు. గేటు తెరుచుకుంది.

"ఆపరేటర్ గారూ, మీకు తోడు కావాలని ఫోనొచ్చిందండీ. వచ్చాను," అన్నారు. నా సంచికేసి చూశారు. "ఎక్కడికి?"

ఇన్నాళ్లలో ఒక్క మనిషి నన్ను ఆ మాట అడగలేదు. అడగకూడదన్న సంగతి కూడా ఆయన మరిచిపోయారు.

"భీమిలికండీ."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"రానండి."

ఆయన నెత్తిన టోపీ సర్దుకున్నారు.

"మీవాళ్లకి చెప్పారా?"

"లేదు."

"తప్పండీ. మనిషి కనపడకపోతే ఇంట్లో ప్రాణాలు పోతాయి. నేనోసారి అలాగే చేశాను. హార్బర్లో కూర్చుంటే మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. ఒక కాలికి దాని చెప్పు, ఒక కాలికి నా పాత చెప్పు. అలా పరుగెత్తుకొచ్చింది పిచ్చిది. నేను నవ్వాను. నవ్వకూడదు కదా?"

ఆ చెప్పుల సంగతి నాకే గుర్తులేదు. ఆయన చెబితే గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన నవ్వడం కూడా గుర్తొచ్చింది. ఎంత కోపమొచ్చిందో, ఎలా కొట్టానో, గట్టు మీదే ఆయన్ని పట్టుకుని ఎలా ఏడ్చానో, అన్నీ.

"ఒకసారి మా ఇంటికి లైను కలపండి. ఎప్పుడూ బిజీయే అంటారు. ఇవాళైనా చూడండి," అన్నారు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

బిజీ అనడానికే నోరు తెరిచాను.

"కలుపుతున్నాను సార్. మాట్లాడండి," అన్నాను. నా చెయ్యీ చెవి దగ్గరికి వెళ్లింది. "హలో."

ఆయన మొహం విప్పారింది.

"పేరీ! ఎక్కడున్నావే?"

"ఇక్కడేనండీ. గేటు దగ్గరే."

"అక్కడేం చేస్తున్నావు? ఎన్నాళ్లైందే నీ గొంతు విని. ఇంటికొచ్చెయ్యవే."

ఛార్జరు, చీరలు, సువర్చల మేడమీద గది, అన్నీ నా చేతి సంచిలో బరువుగా వేలాడుతున్నాయి. నాకు వెళ్లాలనే ఉంది. అప్పటికీ ఉంది. ఇప్పటికీ ఉంది. ఎవరైనా వింటే విననీ.

"వస్తున్నానండీ," అన్నాను.

ఆయన తృప్తిగా చెయ్యి దించేశారు. మరుక్షణమే నా వైపు తిరిగి, "థాంక్సండీ ఆపరేటర్ గారూ. లైను బాగా కలిపారు," అన్నారు.

పసుపు దీపం ఆకుపచ్చగా మారింది.

"పేరిందేవి గారూ, మీకు తోడు అక్కర్లేదు," అంది గేటు, ఆ పాడు మెత్తటి గొంతుతో. "జాగ్రత్తగా వెళ్లి రండి."

రెండు రెక్కలూ బార్లా తెరుచుకుని ఉంది. ఎదురుగా భీమిలి బస్సు ఆగింది. కండక్టరు నా సంచి చూసి, ఎక్కుతానేమోనని ఒక నిమిషం చూశాడు. తర్వాత విజిలేశాడు.

నేను సంచి కింద పెట్టి ఆయన చొక్కా గుండీలు విప్పి, మళ్లీ సరిగ్గా పెట్టాను. ఆయన బుద్ధిగా నిలబడ్డారు. ఆయన చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కాను.

నాలుగో అంతస్తు రాకముందే ఫోను టింగుమంది. తీసి చూశాను. రేపటి నుంచి పాలు రోజుకి రెండు ప్యాకెట్లని తోడు దుకాణానికి చెప్పేసినట్టు ఉంది.

నేను చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.